తార్నాకలో ఉక్కు ఫ్రేము కోసం వెతికిన శనివారం

సాయంత్రాలు ఇళ్లకు వెళ్లి పిల్లలకు లెక్కలు చెబుతాను. లాలాపేట్‌లో ఒక ఇల్లు, తార్నాకలో రెండు, నల్లకుంటలో ఒకటి. ఫెలోషిప్ ఆగిపోయాక నా అద్దె, తిండి వీటి మీదే నడుస్తున్నాయి. నాలుగిళ్లూ ఒక్క సాయంత్రంలో తిరగాలంటే సైకిల్ ఉండాలి. నా దగ్గరున్నది ముందుకు వంగి తొక్కే అల్యూమినియం సైకిల్. మూడు నెలలుగా దాన్ని తొక్కితే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. మెడ ఎక్స్‌రే చూసిన డాక్టరు ఇక దాన్ని ముట్టుకోవద్దని, నిటారుగా కూర్చుని తొక్కేదైతే పర్వాలేదని చెప్పాడు. వారం రోజులు బస్సుల్లో తిరిగాను. నల్లకుంటకు రోజూ ఆలస్యమే. శుక్రవారం ఆ ఇంటావిడ గుమ్మంలోనే ఆపి, "రేపైనా ఆరింటికల్లా రండి సార్. పాప పరీక్షలు దగ్గరకొచ్చాయి, ఇలాగైతే మేం వేరే వాళ్లని చూసుకోవాలి" అన్నారు. అందుకే శనివారం పొద్దున ఉక్కు ఫ్రేము వెతకడానికి బయలుదేరాను. ఉక్కు గతుకుల దెబ్బను కొంత తట్టుకుంటుంది, విరిగితే ఏ వీధిలోనైనా అతికించుకోవచ్చు.

లాలాపేట్ నుంచి తార్నాకకు నడిచి వెళ్లొచ్చు, ఎండ ముదరకముందే బయలుదేరితే మంచిది. కానీ పదిన్నర దాటితే గానీ సైకిల్ దుకాణాలు తీయరు. నేను ముందే వెళ్లి మెట్రో వంతెన నీడలో నిలబడ్డాను. కూడలి దాటాక లోపలి వీధిలో ఖాజా భాయ్ దుకాణం ఉంది. నా పాత సైకిల్‌కు పంక్చర్లన్నీ ఆయనే వేశాడు. నిటారుగా కూర్చునే కొత్త ఉక్కు సైకిల్ ఒకటి చూపించాడు. కూర్చుంటే మెడకు హాయిగానే ఉంది. ధర పదహారు వేలు.

"తగ్గదా భాయ్?"

"తగ్గుతది. రెండు చక్రాలు తీస్కొని ఇస్తా, తీస్కపో" అని నవ్వాడు. తర్వాత పాలవాళ్లు తొక్కే నల్ల సైకిల్ చూపించాడు. అది ఎనిమిది వేలు. అదీ ఎక్కువే. పైగా నా గది రెండో అంతస్తులో ఉంది, కింద పెడితే పోతుంది. ఆ బరువు రోజూ మోస్తే మెడ ఎలాగూ దక్కదు.

"గీడ చూసుడు ఎందుకన్నా, హాస్టళ్లల్ల చూడరాదు? గాడ మస్తు పడి ఉంటయ్. ఫ్రేము మంచిగుంటే పట్టుకరా, మిగిలినయ్ నేనే సెకండ్ హ్యాండ్‌ల ఏస్తా. మూడు వేలల్ల అయితది" అన్నాడు.

తార్నాక వైపు నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచాను. హాస్టళ్ల దాకా చాలా దూరం, నీళ్ల సీసా తప్పనిసరి. ఇక్కడ చదువు ముగించి వెళ్లేవాళ్లు సైకిల్ అమ్ముకోరు. తమ జిల్లా నుంచి వచ్చిన కుర్రాళ్లకు వదిలి వెళ్తారు. ఎవరూ లేకపోతే స్టాండులో తాళం వేసి, తమ జిల్లావాళ్లెవరైనా వస్తే ఇవ్వమని వాచ్‌మన్‌కు తాళంచెవి ఇస్తారు. దొంగలు ఎక్కి పోకుండా సీటును దాని గొట్టంతో సహా పీకి లోపల దాస్తారు. సీటు లేని సైకిళ్లు వరుసగా నిలబడి ఉండటం ఏ హాస్టల్ ముందైనా కనిపిస్తుంది.

రెండు హాస్టళ్లలో ఏమీ దొరకలేదు. మూడోదాంట్లో వాచ్‌మన్ మల్లయ్య సైకిల్ మాట వినగానే, "ఏ జిల్లా సారూ?" అని అడిగాడు. నల్గొండ అన్నాను.

"నల్గొండా? గట్లయితే శంకర్ సారుది ఉన్నది. మూడేండ్లాయె, ఒక్కడు రాలే. వరంగల్ పిల్లలు అడిగిన్రు, నేను ఇయ్యలే. మీ జిల్లోళ్లు సైకిల్ తొక్కుడు బంద్ వెట్టిన్రా ఏంది?"

తన గదిలోంచి సీటు తెచ్చి బిగించాడు. గాలి కొట్టి తొక్కాను. సన్నటి పైపులు, నిటారు హ్యాండిల్. హాస్టల్ చుట్టూ తిరిగాను, ఇంకోసారి తిరిగాను. వేళ్లు తిమ్మిరెక్కలేదు. మూడు నెలల్లో మొదటిసారి ఆ సాయంత్రం గురించి భయం లేకుండా ఆలోచించాను. మల్లయ్య శంకరన్నకు ఫోన్ కలిపి ఇచ్చాడు. ఆయన మిర్యాలగూడ దగ్గర టీచరు.

"ఏ ఊరు తమ్మీ? నకిరేకల్ దిక్కా? ఇంకేంది, తీస్కపో. నీ కోసమే ఉంచిన అనుకో" అన్నారు. పైసల మాట ఎత్తితే ఫోన్ పెట్టేశారు.

చెయిన్ తుప్పుపట్టి ఎక్కడికక్కడ పట్టేస్తోంది. అందుకని తార్నాక దాకా నడిపించుకుంటూ వచ్చాను. మూడు దాటింది. ఖాజా భాయ్ ఫ్రేము చూసి, "కమాల్ ఉన్నదన్నా, ఐదింటికి ఇస్తా" అన్నాడు. పెడల్ ఇరుసు విప్పడానికి సీటు లాగి, సైకిల్ బోర్లా తిప్పాడు. సీటు గొట్టం దిగే పైపులోంచి ఎర్రటి నీళ్లు కారాయి. వాటి వెనక తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆయన స్క్రూడ్రైవర్‌తో అడుగున ఒత్తాడు. అది లోపలికి దిగిపోయింది.

మూడు వానాకాలాలు. సీటు పీకిన పైపు నోరు తెరుచుకుని ఉంది. పడ్డ వానంతా అడుగుకు చేరి అక్కడే నిలిచింది. బయట రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

"వెల్డింగ్ పెడితే?"

"దేనికి పెట్టాలె అన్నా? కాయిదం లెక్క అయింది. మంట తగిల్తే ఇంకింత పోతది. నువ్వు తొక్కుతుంటే నడిమిట్ల ఇరిగితే బండ్ల కింద పడ్తవ్."

ఆ తర్వాత ఆయన ఏ హాస్యమూ ఆడలేదు. టీ తెప్పించాడు.

లాలాపేట్ ఇంట్లో పాఠం చెప్పి వచ్చేసరికి ఐదున్నర దాటింది, నల్లకుంట బస్సు కోసం నిలబడ్డాను. ఆరుకు ఇంకా బస్సులోనే ఉన్నాను. ఆ ఇంటావిడకు ఫోన్ చేశాను. "ఏమీ అనుకోకండి సార్, మా ఆయన విద్యానగర్‌లో ఒకతన్ని మాట్లాడేశారు" అన్నారు. తర్వాతి స్టాపులో దిగి, తార్నాక ఇళ్లకు వెనక్కి నడిచాను.

వచ్చే నెల అద్దె ఎలాగో ఇంకా తెలియదు. శంకరన్న రాత్రి ఫోన్ చేసి సైకిల్ బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. మూడేళ్లు ఒక మనిషి తన జిల్లావాడి కోసం కాపాడిన వస్తువు కాపాడటం వల్లే పోయిందని ఆయనకు చెప్పి ఏం లాభం. ఆ వాచ్‌మన్ తప్పూ లేదు, కానీ అడిగినవాళ్లకు ఇచ్చి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు తొక్కుతూ ఉండేవాళ్లు. ఈ పని మీద తిరిగేవాళ్లకు ఒకటే చెబుతాను. పాత ఉక్కు ఫ్రేము దొరికితే సీటు తీసి, బోర్లా తిప్పి, అడుగున గట్టిగా పొడిచి చూడండి. తొక్కకముందే చూడండి. ఒకసారి తొక్కాక పొడవడానికి చెయ్యి రాదు.