వరదయ్య తోలిన మంద

మా ఉదయగిరిలో అందరికీ తోలుబంతి తోలుబంతిలాగే కనిపించేది. వరదయ్యకు మాత్రం గొర్రెపిల్లలా కనిపించేది. అదొక్కటే అతనికున్న జబ్బు.

ధాత సంవత్సరపు కరువులో అతని అరవై గొర్రెలూ పోయాయి. మరి రెండేళ్లకు బహుధాన్య సంవత్సరం వచ్చింది గానీ, పేరులో తప్ప ఊళ్లో ధాన్యం లేదు. అప్పుడు ఆత్మకూరు బట్టల వర్తకుడు వెంకటరమణయ్య చెన్నపట్నంలో దొరలాడే కాలిబంతి చూసొచ్చి, తన ఊరి పిల్లలకు నేర్పి, వాళ్లను ఓడించిన జట్టుకు ఒక పొట్టేలు, రెండు సూడిగొర్రెలు ఇస్తానని చాటించాడు. రెండు కర్రల మధ్యగా బంతిని మూడుసార్లు దాటించినవాళ్లదే గెలుపు. పొద్దు గూకేలోగా ఎవరూ గెలవకపోతే ఆట సరి, బహుమానం లేదు.

మళ్లీ మంద కట్టుకోవడానికి వరదయ్యకు అంతకన్నా దారి లేదు. మేకతోలులో ఉన్ని కూరి బంతి కుట్టాడు. తొమ్మిదిమంది పిల్లల్ని పోగుచేశాడు. పక్కింటిదాన్ని, పిడకల నెపంతో నేను రోజూ అక్కడే.

"ఏందిరా తిరుపాలూ, పిల్లను అంత దూరం తన్నినావు? తోడేలుకిచ్చినావా?"

"తోడేలు యాడుండాది మామా?"

"అవతల ఊరోడే తోడేలు. పిల్లను కాళ్లకాడే పెట్టుకో. మేత ముందుండాది, ముందుకు తోలు. దోవలో తోడేలు నిలబడితే పక్కనోడికి అప్పగించు."

ఎవడైనా పరుగెత్తితే మాత్రం కర్రతో నేలను బాదేవాడు. "పరిగెత్తాల్సింది పిల్లరా, కాపరి కాదు."

ఇంట్లోనూ అదే వరస. భార్య శీనమ్మ కడవ దించమంటే, నన్నూ ఆమెనూ వరసగా నిలబెట్టి చేతులు మార్పించి, "చూసినావా అక్కా, మనం నడవలేదు, కడవ నడిచింది" అన్నాడు. సగం నీళ్లు నా చీర మీదే నడిచాయి.

"పిల్లకాయల్ని ముసలోళ్లను చేస్తున్నావేంది వరదయ్యా?" అని అడిగాను.

"మంద అలిసిపోకూడదక్కా" అన్నాడు. ఆ జవాబు నాకు చాలలేదు.

అనుమసముద్రంపేట దర్గాకు మొక్కుందని ఇంట్లో చెప్పి ఆత్మకూరు దాకా వాళ్ల వెంట నడిచాను. ఆ మొక్కేమిటో నాకే తెలియదు.

ఆత్మకూరు పిల్లలు లేళ్లలా ఉరికారు. మనవాళ్లు నడిచారు. బంతి మాత్రం ఈ కాలి నుంచి ఆ కాలికి, ఆ కాలి నుంచి మరో కాలికి మెత్తగా జారుతూ ముందుకే పోయేది. దాన్ని పట్టబోయి వాళ్లు నాలుకలు వెళ్లబెట్టారు. కొండమీది కోటను రోజూ చూసే కళ్లు నావి, అంత తేలిగ్గా దేనికీ బెదరవు. ఆ పూట మాత్రం రెప్ప వేయడం మరిచాయి.

చెరి రెండు అయింది. పొద్దు వాలింది. తిరుపాలు కాలి దగ్గర బంతి, ఎదుట ఖాళీ. అప్పుడే అతని వెనక మనవాళ్లలో బక్కపలచని సిద్ధయ్య కళ్లు తిరిగి పడ్డాడు. ఆత్మకూరు పిల్లలంతా బంతి కోసం సిద్ధయ్య మీదుగానే ఉరికి వస్తున్నారు.

"వెనక్కి రండిరా" అన్నాడు వరదయ్య. ఆ మాట అతని నోట నేను వినడం అదే మొదలు.

ఎనిమిదిమందీ సిద్ధయ్య చుట్టూ దడి కట్టారు. బంతిని తమలో తామే తిప్పుకుంటూ ఒక్క కాలును లోపలికి రానివ్వలేదు. నేను దూరి వాడి నోట్లో బెల్లం ముక్క పెట్టాను. వాడు లేచేసరికి పొద్దు గూకింది. పొట్టేలూ గొర్రెలూ వెంకటరమణయ్య దొడ్లోనే ఉండిపోయాయి.

మర్నాడు ఊరికి మళ్లే దారిలో వరదయ్యను అడిగాను. "తిరుపాలు ఒక్క తన్ను తన్నుంటే నీకు మంద వచ్చుండేది గదా?"

"ఈలోపు సిద్ధయ్యను తొక్కేసుందురు."

"ముందే పరిగెత్తనిచ్చుంటే ఎప్పుడో గెలిచుందురు."

"ఒంటిపూట అంబలి తాగే బిడ్డల్ని ఏ నోటితో పరిగెత్తమనేదక్కా?"

కొంగున మిగిలిన బెల్లమంతా పిల్లలకు పంచేశాను. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

దోవలో దుత్తలూరు దగ్గర ఆగి వరదయ్య కర్రతో ఒక్కొక్క తల తాకుతూ లెక్కపెట్టాడు. తొమ్మిది. కంగారుగా అటూ ఇటూ వెతికి, తిరుపాలు చంకలోని బంతినీ తాకాడు.

"పది. మంద నిండుగా ఉండాది. పదండిరా ముందుకు. పరిగెత్తినోడికి దెబ్బలు."