నేను రోగినని ఒప్పుకున్న రోజు

రెండేళ్ల క్రితం ఒక ఉదయం నా పాదాలు బూట్లలో పట్టలేదు. సహోదరులారా, నేను సికింద్రాబాదులో ఒక బట్టల షోరూములో పందొమ్మిదేళ్లు లిఫ్టు నడిపినవాడిని, చిన్న స్టూలు మీద కూర్చుని పొద్దంతా జనాన్ని పైకి కిందికి చేర్చడమే నా పని, అందుకే కాళ్లవాపు కూర్చోవడం వల్లే వచ్చిందనుకుని పాత చెప్పులు వేసుకుని డ్యూటీకి పోయాను, వారం తిరగకముందే ముఖం ఉబ్బింది, మెట్టు ఎక్కితే ఆయాసం, అన్నం చూస్తే వాంతి, చివరికి పరీక్షలు చేసిన డాక్టరు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని, వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకుంటేనే బతుకుతానని చెప్పారు. నా భార్య శాంత డాక్టరు గది బయట గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి ఏమని చెప్పాలో తెలియక ఆ రోజు ఇద్దరం బోయిగూడలోని మా ఇంటికి నడిచే వచ్చాం.

అయినా దేవుడు ఆ చీకటిలోనే ఒక దారి తెరిచి ఉంచాడు, అది అప్పుడు నాకు కనబడలేదు. ఇన్నేళ్లు జీతంలో నెలనెలా కోసుకున్న కార్మిక బీమా నాకు అక్కరకొచ్చింది, డయాలసిస్‌కు పైసా ఖర్చు లేదు, పనికి పోలేని రోజులకు జీతంలో కొంత భాగం కూడా వస్తుంది, బీమా దవాఖానలో డాక్టరు సర్టిఫికెట్ రాసి ఇస్తే ఆ డబ్బు బ్యాంకులో పడుతుంది. కాని ఆ డబ్బు వచ్చేటప్పుడు వస్తుంది, రానప్పుడు రాదు, ఇంటద్దె మాత్రం ఆగదు, శాంత చీరలకు ఫాల్స్ కుట్టి తెచ్చేది కూరగాయలకే సరిపోయేది. ఆసుపత్రికి బస్సులో పోవచ్చు గాని మిషన్ మీద నాలుగు గంటలుండి లేచాక కళ్లు తిరుగుతాయి, తిరిగి రావడానికి ఆటో తప్పదు.

ఇక్కడ నేను చేసిన పాపం చెప్పాలి. ఆటో ఖర్చు మిగులుతుందని నేను వారానికి ఒకసారి డయాలసిస్ ఎగ్గొట్టడం మొదలుపెట్టాను. టిఫిన్ డబ్బా పట్టుకుని, ప్రార్థన చేసుకుని, శాంతకు చెప్పి బయలుదేరేవాడిని, పద్మారావు నగర్‌లో దిగి పార్కులో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, మిషన్ మీద నుంచి లేచి వచ్చినవాడిలా నీరసంగా ఇంటికి చేరేవాడిని. ఆ నీరసం నటన కూడా కాదు, ఒంట్లో నీరు నిండి నిజంగానే ఊపిరి అందేది కాదు. ఇట్లా చేస్తే ఒకరోజు గుండె ఆగిపోతుందని ఆసుపత్రిలో సిస్టరమ్మ ముఖం మీదే చెప్పింది, విన్నాను, తల ఊపాను, మళ్లీ పార్కుకే పోయాను.

కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునే పేదవాళ్లకు ప్రభుత్వం పింఛను ఇస్తుందని మా వీధిలో అందరూ చెప్పారు. ఆ పింఛను వస్తే ఆటోలకు సరిపోతుంది, మూడో రోజు కూడా పోవచ్చు, నా ప్రాణం ఆ కాగితం మీదే ఉందని నాకు తెలుసు. మీసేవలో దరఖాస్తు పెట్టించాను. వేరే ఆదాయం ఏమైనా ఉందా అని అక్కడి అమ్మాయి అడిగితే, బీమా డబ్బు సంగతి చెబితే పింఛను రాదేమో, అసలు బీమా డబ్బే ఆపేస్తారేమోనని భయపడి, ఏమీ లేదని చెప్పి ఆ గడి ఖాళీగా వదిలేయించాను.

కొన్నాళ్లకు విచారణకు ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. మన ఇళ్లకు ఎవరైనా పెద్దమనిషి వస్తే ఏం చేస్తామో మీకు తెలుసు గదా, శాంత ఇల్లంతా కడిగింది, మంచం మీద కొత్త దుప్పటి పరిచింది, పక్కింటి నుంచి మంచి కప్పులు తెచ్చింది, నేను ఆదివారం ఆరాధనకు వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాను. ఆ మధ్య సభలకు వచ్చిన ఒక బోధకుడు విశ్వాసి నోట రోగం అనే మాట రాకూడదని, నోటితో ఏది పలికితే అదే జరుగుతుందని చెప్పి వెళ్లాడు, నేను ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. ఆఫీసరు వచ్చి కుర్చీలో కూర్చుని కాగితం తీసి అడిగాడు.

"ఆరోగ్యం ఎట్లున్నది దేవదానం గారూ?"

"దేవుని దయవల్ల మంచిగున్న సార్. ఏం తక్లీఫ్ లేదు."

"ఇల్లు గడుస్తున్నదా మరి?"

"ప్రభువు మాకు ఏం కొదువ చెయ్యలే సార్, ఆయనే చూసుకుంటుండు."

ఆయన నా ముఖం చూశాడు, మంచం మీద దుప్పటి చూశాడు, రాసుకున్నాడు. పోతుంటే గుమ్మం దాకా వెళ్లి ఆయన చేతిలో ఒక సువార్త కరపత్రం కూడా పెట్టి వచ్చాను, ఎంత గొప్ప సాక్ష్యం చెప్పానో అని ఆ రోజంతా ఉప్పొంగిపోయాను. నెల దాటాక దరఖాస్తు తిరస్కరించారు. మన సంఘం శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి, సాతాను ఆ ఆఫీసరు ద్వారా అడ్డుపడ్డాడు, ప్రార్థించండి అని ఏడ్చాను, పాపం మీరంతా నాకోసం మోకాళ్లూనారు, పాస్టరుగారు ఆ అడ్డు తొలగించమని గొంతు పోయేదాకా ప్రార్థించారు. ఆ అడ్డు నేనేనని మీలో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

దేవుడు ఆ ప్రార్థనకు జవాబు ఇచ్చాడు, కాని నేను అనుకున్న వైపు నుంచి కాదు. మా గోడకు ఆనుకునే ఉన్న ఇంట్లో సరోజమ్మ అక్క ఉంటుంది, మూడు తరాలుగా బోయిగూడలోనే ఉన్న కుటుంబం, బీమా దవాఖానలో గుమాస్తాగా పనిచేసి రిటైరయింది, మన సంఘం మనిషి కాదు, ఉదయం పూజ చేసుకోనిదే చాయ్ కూడా తాగదు. ఆ అక్క గురించి చెప్పకుండా ఈ సాక్ష్యం ముగిస్తే నేను మళ్లీ అబద్ధమాడినవాడిని అవుతాను. విచారణ రోజు తెచ్చి మా ఇంట్లోనే ఉండిపోయిన కప్పులు తిరిగి ఇవ్వడానికి వెళ్లిన శాంత, తిరస్కరణ కాగితం చూపించి ఏడిస్తే, ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"నువ్వు మంచిగున్నవని రాసిన్రు గదా ఇందుల. ఆయనకు నువ్వేం చెప్పినవ్ తమ్మీ?"

చెప్పాను. ఆమె కాగితం మడిచి నా ముందు పెట్టింది.

"మీ దేవుడు నిజం చెప్పమంటడు గదా దేవదానం. మరి ఆయన పేరు జెప్పి అబద్ధం ఎందుకాడినవ్?"

సహోదరులారా, ఎన్నో సభలకు వెళ్లాను, ఎందరో దైవజనుల మాటలు విన్నాను, ఏ మాటా ఇంత లోపలికి దిగలేదు. అయినా మాట మార్చడానికి, బీమా డబ్బు వస్తుంటే పింఛను కూడా అడగడం ఆశ కాదా అక్కా, పాపం కాదా అని అడిగాను.

"ఆ పైసలు నీ జీతంల కోసుకున్నవి, రోగం వచ్చినప్పుడు ఇయ్యాలని. ఈ పింఛన్ లేనోళ్ల కోసం. రోగం వేరు, లేమి వేరు, నీ దగ్గర రెండు సుత ఉన్నయి. బీమా పైసలు రాయి, దాచకు. ఆదాయం ఎంతవరకు ఉండొచ్చని ఒక హద్దు పెట్టిన్రు, నీది కలిపినా ఆ హద్దు లోపలే ఉంటది. జెర ధైర్యం తెచ్చుకో."

నేను ఉన్నదాన్ని కాగితం మీద దాచాను, లేనిదాన్ని నోటితో దాచాను, ఇంత తెలివితక్కువ పని చేసి దానికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాను. అక్క మరునాడే పూజ ముగించుకుని నుదుట కుంకుమతోనే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది, ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్టు మెట్టుకూ గోడ పట్టుకునేది, అయినా దవాఖానలో సర్టిఫికెట్ల నకళ్లు, ఆసుపత్రి ఉత్తరం, బీమా డబ్బు వస్తున్నట్టు కాగితం, ఆదాయ ధ్రువపత్రం, ఒక్కొక్కటీ దగ్గరుండి తీయించింది. ఏ కౌంటర్ దగ్గర ఎవరితో ఎట్లా మాట్లాడాలో ఆమెకు తెలుసు, గొంతు పెంచేది కాదు, బతిమాలేది కాదు, కాగితం ముందు పెట్టి నిలబడేది. నేను నిలబడలేకపోతే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి నా వరుసలో తను నిలబడింది. మధ్యాహ్నం చాయ్ తాగుదాం అక్కా అంటే, నీకు నీళ్లు లెక్కగా తాగాలని డాక్టరు చెప్పిండు, నేనొక్కదాన్నే ఎట్ల తాగుతా అని తనూ మానేసింది. ఇట్లాంటి మనిషిని గోడ పక్కనే పెట్టి పదేళ్లు వందనాలు తప్ప ఒక మాట మాట్లాడనందుకు నాకు సిగ్గేసింది.

మళ్లీ దరఖాస్తు పెట్టాం, ఆ గడిలో బీమా డబ్బు సంగతి రాయించాం, మళ్లీ విచారణ వచ్చింది, వచ్చింది కూడా ఆ ఆఫీసరే. ఆ ఉదయం మోకాళ్లూని చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "తండ్రీ, నేను మంచిగ లేను. ఇన్ని దినాలు నీ పేరు పాడైతదని అందరికీ మంచిగున్న అని చెప్పిన. నీ పేరును కాపాడనీకె నా అబద్ధం నీకు అక్కర లేదు. ఇయ్యాల నా నోట నిజం పలికించు ప్రభువా." అంత ప్రార్థనలో కూడా పార్కు బెంచీ సంగతి నేను ఎత్తలేదు, ఆ ఒక్క మాట దేవుని దగ్గర కూడా దాచాను చూడండి.

ఈసారి దుప్పటి మార్చలేదు. ఆఫీసరు కూర్చున్నాడు, నా ఎడమ చేతికి సూదులు గుచ్చి గుచ్చి తేలిన బుడిపెలు చూశాడు, ఆరోగ్యం ఎట్లుందని అడిగాడు. "రోగిని సార్," అన్నాను. "రెండు కిడ్నీలు పోయినయి. బీమా పైసలు వస్తున్నయి, అవి రాస్కోండ్రి, అవి సాలుతలేవు, అది సుత రాస్కోండ్రి." ఆ మాటలు పలికేసరికి ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువు దించినట్టయింది. ఆయన రాసుకుంటూ ఆసుపత్రి ఉత్తరం తిరగేశాడు.

"వారానికి మూడుసార్లు అని ఉన్నది. మూడుసార్లు పోతున్నరా?"

అవునంటే అయిపోయేది. ఉత్తరంలో అదే ఉంది, ఆయన కూడా అదే రాసుకుని లేచి పోయేవాడు. శాంత చాయ్ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఉదయం నేను అడిగిన నిజం ఇదేనని, దేవుడు దీనికోసమే ఆ ఆఫీసరును రెండోసారి మా ఇంటికి పంపాడని నాకు అప్పుడు అర్థమైంది.

"మూడుసార్లు పోవాలె సార్," అన్నాను. "నేను రెండుసార్లే పోతున్న. ఆటోకు పైసలు లేక ఒక దినం ఎగ్గొడుతున్న. ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు."

శాంత గ్లాసులు కింద పెట్టింది. ఆఫీసరు కలం ఆపి ఆమెను చూసి, తల దించుకుని ఆ మాటలన్నీ రాసుకున్నాడు, వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి "ఇగ ఎగ్గొట్టకు అన్నా" అన్నాడు. ఆయనను సాతాను పనిముట్టు అన్న నా నోటిని దేవుడు క్షమించుగాక.

ఆయన పోయాక శాంత నన్ను ఒక్కటే అడిగింది, ఆ దినాలల్ల ఏడ కూసున్నవయ్యా అని. పార్కుల అని చెప్పాను. ఎండలనా అంది. అవునన్నాను. అప్పుడు ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఇద్దరం అట్లాగే నేల మీద కూర్చుని ఉండగా ఆమె నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. "ప్రభువా, పింఛన్ వస్తే రానీ, రాకుంటే లేదు. ఈయన నాకు చెప్పకుండ చావనీకె పోతుండె. నువ్వు ఆపినవ్. నీకు స్తోత్రం." నేను ఆమెన్ అనలేకపోయాను, ఆమే రెండుసార్లు అంది.

పింఛను మంజూరైంది, దేవునికే మహిమ, బీమా డబ్బు ఆగలేదు, రెండూ వస్తున్నాయి, రెండూ దాచకుండా చెప్పి తీసుకుంటున్నాను. నా కిడ్నీలు బాగుపడలేదు. దేవుడు రేపే బాగుచేసినా స్తోత్రమే, చేయకపోయినా స్తోత్రమే, ఆయన నన్ను విడిపించింది మాత్రం నిజం, నా భార్య దగ్గర దాచుకున్న చావు నుంచి విడిపించాడు. సరోజమ్మ అక్కకు కృతజ్ఞత చెప్పబోతే, నాదేముంది తమ్మీ, కాగితాలు తీయించిన అంతే అంది. అక్కను ఆశీర్వదించమని ప్రతి ఉదయం దేవుణ్ణి అడుగుతున్నాను, మీరు కూడా అడగండి.

ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నీ ఇంట్లో కూడా రోగం, లేమి ఉండి బయటికి చెప్పుకోలేక నలిగిపోతున్నావేమో. ముందు మోకాళ్లూని దేవునికి చెప్పు, ఆయన నీ మీద కోపపడడు, తరువాత నీ ఇంట్లోవాళ్లకు చెప్పు, అడగవలసిన చోట అడుగు, నీకు రావలసింది తీసుకో, ఆయనను నమ్ము. ఇది రాస్తున్నది సోమవారం సాయంత్రం. రేపు ఉదయం ఏడు గంటలకు మిషన్ మీద నా వంతు, ఈ వారంలో అది మొదటిది, ఇంకా రెండున్నాయి. మూడింటికీ పోతాను, శాంత నాతో వస్తుంది.