తొమ్మిది నెలలు నిండినట్టేనా?

రిటైర్మెంట్‌కు ముందటి సంవత్సరం నన్ను కరీంనగర్‌లో ఆరోగ్య రికార్డుల ప్రాజెక్టుకు సీనియర్ టెక్నికల్ రైటర్‌గా వేశారు. రోగుల రికార్డుల్లోంచి కావలసిన సమాచారం రాబట్టడానికి ప్రోగ్రామర్లు వాడే క్వెరీ భాష ఒకటుంది. దాని మాన్యువల్‌ను సరిచూడడం నా పని. అందులో ప్రతి ఫంక్షన్‌కూ, అంటే లెక్క చేసిపెట్టే ప్రతి ఆదేశానికీ, ఒక ఉదాహరణ ఉండేది.

ఆ అక్టోబరులో చెన్నూరు వైపు పనిచేసే నర్సు రాజమణి మా ఆఫీసుకు ఫోన్ చేస్తే నేనే తీశాను. తట్టు టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. ఏ పిల్లలను పిలవాలో ఆమెకు మా సిస్టమే చెబుతుంది.

"మేడమ్, మీరు పిలువుమన్నోళ్లల్ల కొందరికి ఇంకా నెలలు నిండనే లేవు. తల్లులు కూలి ఇడిశిపెట్టి వచ్చిండ్రు. వాపస్ పంపితే మల్ల వస్తరా?"

వాళ్లలో ఒక పాప జనవరి ఆఖరున పుట్టిందట. పిలిచింది అక్టోబరు మొదట్లో.

పిలవాల్సిన పిల్లల జాబితా తీసే క్వెరీ రాసింది ఆదిలాబాద్‌లో ఉండే ప్రోగ్రామర్ శ్రావణ్. ఫోన్ చేసి అడిగాను.

"మాన్యువల్ల ఉదాహరణ చూసే రాసిన మేడమ్. నెలలు లెక్కవెట్టే రెండు ఫంక్షన్లకు ఒక్కటే జవాబు ఉంది గదా, అందుకే డిఫరెన్స్ పెట్టిన" అన్నాడు.

మాన్యువల్ తెరిచాను. 'బిట్వీన్' అనే ఫంక్షన్ నిండిన నెలలను లెక్కిస్తుంది. 'డిఫరెన్స్' క్యాలెండర్‌లో నెల ఎన్నిసార్లు మారిందో లెక్కిస్తుంది. రెండింటికీ ఇచ్చిన ఉదాహరణ జనవరి ఒకటి నుంచి అక్టోబరు ఒకటి వరకు. రెండింటి జవాబూ తొమ్మిదే. లెక్క సరైనదే, తేడా మాత్రం ఎక్కడా కనబడదు!

అసలు పిల్లల వివరాలు మాన్యువల్‌లో పెట్టకూడదు. అందుకని మేమే రెండు తేదీలు అనుకున్నాం: జనవరి ముప్పై ఒకటి, అక్టోబరు ఒకటి. శ్రావణ్ ఫోన్ పెట్టేయకుండానే వాటితో రెండు ఫంక్షన్లనూ నడిపి చూశాడు.

"బిట్వీన్ ఎనిమిదంటుంది, డిఫరెన్స్ తొమ్మిదంటుంది! దొరికింది మేడమ్!"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా సర్వీసు మొత్తంలో ఒక ఉదాహరణ చూసి అంత సంబరపడిన గుర్తు లేదు.

మాన్యువల్‌లో ఏ మార్పు చేసినా ప్రాజెక్టు మేనేజర్ ఆమోదించాలి. పాతది ఉండగా మరొకటి దేనికని ఆయన అడిగారు. రెండు జవాబులూ పక్కపక్కన చూపించాను. వెంటనే ఒప్పుకున్నారు. శ్రావణ్ ఆ మధ్యాహ్నమే క్వెరీలో 'బిట్వీన్' పెట్టాడు.

తర్వాతి టీకా రోజున రాజమణే ఫోన్ చేసింది. వెనక పిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి.

"ఒక్క తల్లిని గూడ వాపస్ పంపలే మేడమ్! పోయినసారి తిరిగిపోయినోళ్లు గూడ వచ్చిండ్రు, నేనే ఇంటింటికి పోయి చెప్పిన."

రెండు ఫంక్షన్లు ఒకేలా కనిపిస్తున్నప్పుడు, వాటి జవాబులు విడిపోయే చోటునే ఉదాహరణగా ఇవ్వాలి. రిటైరయ్యే దాకా నేను అలాగే రాశాను.