ఎక్కి చూడని చెట్టు

సొంతంగా చెట్లు కొట్టే పని చేసుకునే మేస్త్రికి ఆ రోజు నడుము పట్టేసింది. అందుకే చూడమని పిలిచిన టీచరమ్మ ఇంటి కిటికీ పక్కనున్న చెట్టు ఎక్కకుండానే, కింద నుంచి ఒక ఎండుకొమ్మ చూసి, "లోపలంతా డొల్లమ్మా, గాలొస్తే ఇంటి మీద పడుతుంది," అనేశాడు. ఆవిడ మారుమాట లేకుండా కొట్టేయమంది.

మర్నాడు చెట్టు కొట్టేసి, రంపం ఆపి చూస్తే, మోడు అంచు నుంచి మధ్య దాకా రాయిలా గట్టిగా ఉంది. ఎవరూ చూడకుండా దానిమీద రంపపు పొట్టు కప్పేసి వచ్చేశాడు.

వారం తర్వాత అటుగా వెళ్తుంటే, చెట్టు నీడ పోవడంతో ఆవిడ ఎండకు తాళలేక కిటికీకి దుప్పటి కట్టుకుంటూ కనిపించింది. అతను లోపలికి వెళ్లి, "ఆ చెట్టు డొల్ల కాదమ్మా. ఎక్కి చూడకుండా చెప్పాను. తప్పు నాదే," అన్నాడు.

ఆవిడ "నీ మాట నమ్మాను నాయనా," అంది.

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. దుప్పటి అందుకుని రెండో కొస తనే కట్టాడు.

ఇప్పుడు పనిలోకి కొత్తగా దిగినవాళ్లు సలహా అడిగితే, "డొల్ల చప్పుడొస్తుందేమో సుత్తితో తట్టి వినండి, పైకెక్కి చూడండి. ఒంట్లో బాగోకపోతే రేపొస్తామని చెప్పండి," అంటాడు. అలా ఎందుకని అడిగితే మాత్రం మాట మార్చేస్తాడు.