ప్రిసీ అక్క ఎడమచెయ్యి

ఎండిన కొబ్బరిపీచు మ్యాట్ మీద నీళ్లు చల్లగానే ఒక వాసన లేస్తుంది. సైనిక్‌పురిలో నేను ఆటల టీచరుగా ఉన్న బడిలో, పొద్దున్నే పిల్లలు పిచ్ సిద్ధం చేస్తుంటే ఆ వాసన నన్ను నేను పెరిగిన బొల్లారానికి లాక్కుపోతుంది, ప్రిసీ అక్క దగ్గరికి.

ప్రిస్కిల్లా మా పక్కింటి మాస్టారి అమ్మాయి. రాయడం, తినడం కుడిచేత్తోనే. చిన్నప్పుడు వాళ్ల నాన్న పట్టుబట్టి అలవాటు చేశారు. బంతి దగ్గర మాత్రం ఆయన మాట చెల్లలేదు. ఆ ఎడమచేతి స్పిన్‌తో పందొమ్మిదేళ్లకే రాష్ట్ర జట్టుకు ఎంపికైంది. ఇంటి వెనక ఆమె ప్రాక్టీసుకు వికెట్ కీపర్‌ని నేనే. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు, బంతి వస్తోందంటే కళ్లు మూసుకునే రకాన్ని. "కండ్లు మూస్కుంటే బంతి నిన్ను వదుల్తదా? జెర తెరిచి చూడు, భయం అదే పోతది," అనేది.

ఆ ఏడాదే ఆమె కాళ్లు వాచాయి. రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. డయాలిసిస్ కోసం ఒక చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టాలట. ఆ చేత్తో ఇక బరువు పనులు, ఆటలు కుదరవు, అందుకే ఎక్కువ వాడని చేతినే ఎంచుకుంటారట. ఆస్పత్రిలో అక్క మగతగా పడి ఉంది, వాళ్లమ్మ, మా ఆంటీ, ఏడుస్తోంది. "ఏ చేత్తో రాస్తది, ఏ చేత్తో తింటది?" అని డాక్టరు అడిగారు. తగుదునమ్మా అని నేనే ముందుపడి, "కుడిచెయ్యి సార్!" అన్నాను. ఆమె ఎడమచేతికి కట్టు చూసేదాకా నేనేం చేశానో నాకు తట్టలేదు.

అక్క ఇంటికొచ్చాక వారం రోజులు వాళ్ల గడప తొక్కలేదు. చివరికి గోడ అవతలి నుంచి తనే పిలిచింది.

"ఏందే, మొహం చాటేస్తున్నవ్?"

వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పేశాను. అక్క నవ్వేసింది. "పిచ్చిదానా! ఆపరేషన్ ముంగట డాక్టర్ నన్ను సుత అడిగిండు. నేను సుత కుడిచెయ్యే అని చెప్పిన. బౌలింగ్ ఎట్లాగూ అయిపోయింది, పరీక్షలు రాయద్దా?" నా వేలు పట్టుకుని తన మణికట్టు మీద పెట్టింది. చర్మం కింద రక్తం జుమ్మంటోంది. "చూసినవా? నా స్పిన్ యాడికి పోలె. తిరుగుతనే ఉంది."

ఆ తర్వాత ఆరేళ్లు, ఓపిక ఉన్న రోజుల్లో కుర్చీ వేసుకుని కూర్చుని నాకు బౌలింగ్ నేర్పింది. మెచ్చుకున్నది రెండుసార్లు, తిట్టినదానికి లెక్కలేదు. ఆ తిట్లే నాకు ఈ ఉద్యోగం ఇప్పించాయి. ఆమె పోయిన రోజు, ఇంట్లో అందరూ ప్రార్థన చేస్తుంటే నేను ఆ ఎడమచేతిని పట్టుకుని కూర్చున్నాను. అది జుమ్మనడం ఆగిపోయింది.

కొన్నాళ్లకు ఆంటీ మాటల్లో మాటగా అంది. "అప్పుడు ఆపరేషన్ అయినంక మూడో దినానికి గాని దానికి తెలివి రాలె బిడ్డా. డాక్టర్ ఏమడిగిండో ఏమో, దానికేం తెల్వది."

అక్క నాకోసమే ఆ అబద్ధం ఆడింది. ఆరేళ్లూ ఒక్కసారైనా బయటపడలేదు.

మా బడిలో ఆటకు కొత్తగా ఎవరు చేరినా, ఏ చెయ్యి అని నేను అడగను. బంతిని నేల మీద పెట్టి, ఏ చెయ్యి ముందుకొస్తుందో చూస్తాను.