విశ్వకర్మ పటం మీద వేసిన ఒట్టు

పంతొమ్మిదేళ్ళుగా ఒక ఒట్టును మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మీతో చెప్పుకోవడమే తేలికనిపిస్తోంది.

మాది శ్రీకాకుళం వైపు. ఉత్తరాదిన ఫ్యాక్టరీల ఊళ్ళో గోల్‌మురి అనే పేటలో ఉంటూ ఒక కాంట్రాక్టర్ కింద ఫిట్టర్‌గా చేసేవాణ్ణి. నాతోపాటు సింహాచలం. దేవుడి పేరు పెట్టుకున్నాడు గానీ దేవుణ్ణి నమ్మడు. ప్రసాదం పెడితే తినేవాడు, దండం మాత్రం పెట్టేవాడు కాదు. నేను బొట్టు లేకుండా పనిముట్టు ముట్టేవాణ్ణి కాను. వాణ్ణి చూసి జాలిపడేవాణ్ణి. ఎందుకు జాలి?

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మిషన్ లోపల చెయ్యి పెట్టేవాడు ముందు స్విచ్చి ఆపి, దానికి తన ఎర్ర కార్డు తగిలించాలి. మళ్ళీ వాడే తీయాలి. ఆ రోజు విశ్వకర్మ పూజ. మిషన్ బెల్టు ఒకసారి తిప్పి చూసి, ఆపి, పసుపు కుంకుమ పెట్టాలి. ముహూర్తం దాటిపోతుందని నా ఆత్రం. మాతో పనిచేసే మహతో కార్డు ఇంకా స్విచ్చికి వేలాడుతోంది. మరిచిపోయి వెళ్ళుంటాడనుకున్నాను. తీసేసి స్విచ్చి వేశాను. గోడకి అవతల మిషన్‌లో చెయ్యి పెట్టి ఉన్న మహతో కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి.

అప్పుడు స్విచ్చి వైపు ఉన్నది నేనూ సింహాచలమే. సూపర్‌వైజర్ మమ్మల్ని పూజ పటం ముందు నిలబెట్టి, "హాథ్ రఖ్‌కే కసమ్ ఖావో" అన్నాడు. పటం మీద చెయ్యి పెట్టి, కార్డు ముట్టలేదని ఒట్టేశాను. సింహాచలం ఒట్టెయ్యలేదు. నేను తీయలేదన్నాడు, అంతే. దేవుడంటే భయం లేనివాడి మాటేం నమ్ముతామన్నారు అందరూ. వాడి గేటు పాసు లాక్కుని పనిలోంచి తీసేశారు.

గేటు బయట నేనే అడిగాను. "ఒట్టేసేత్తే పోయేది గదరా. నీకెలాగూ నమ్మకం లేదు."

"నమ్మకం లేకుండా ఒట్టేత్తే అదీ అబద్దం కాదేటి, బావా?" సైకిలెక్కబోతూ ఆగాడు. "నీకంటే దేవుడున్నాడు, సెమించేత్తాడు. నాకెవులున్నారు?"

వాడికి తెలుసు. కళ్ళతో చూడలేదు కాబట్టి నా పేరు ఎవరికీ చెప్పలేదు.

వాడు దగ్గర్లోనే పర్సుడీహ్‌లో సైకిళ్ళ రిపేరు పెట్టుకున్నాడు. మహతోకి కట్టు మార్పించడానికి తన సైకిలు మీద ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడని విన్నాను. మరి నేను? తలనీలాలిచ్చాను. ఉపవాసాలున్నాను. సాక్చి బజారు నుంచి కొబ్బరికాయలు తెచ్చి కొట్టాను. మహతో గుమ్మం మాత్రం తొక్కలేదు. దేవుణ్ణి తప్పుపట్టను, మనిషి ముందు నిలబడలేక ఆయన వెనక దాక్కున్నది నేనే. దాక్కునే చోటు లేకపోయుంటే నేనూ ఆ రోజు నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని గట్టిగా అనలేను.

పోయిన నెల సింహాచలం పోయాడు. పాడె మోయడానికి వెళ్ళాను. నా ముందు మహతో, మిగిలిన రెండు వేళ్ళతో పాడె కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. భుజం మార్చుకుంటూ నా వైపు తిరిగి హిందీలో అన్నాడు, నా చెయ్యి పోగొట్టినా చివరిదాకా నన్ను చూసుకున్నాడు, ఎప్పుడో క్షమించేశాను వీణ్ణి అని.

అవునన్నట్టు తలూపాను.

పటం ముందు వేసిన ఒట్టు కంటే ఆ తలూపడమే నన్ను ఎక్కువ తినేస్తోంది. మహతోకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. మీకైతే చెబుతున్నాను. కార్డు తీసింది నేను.