పోలన్న తెరిచిన టికెట్

జువ్వలదిన్నె హార్బరు ముఖద్వారంలో అల ఎత్తి రాళ్లకేసి కొట్టి పోలన్నను చంపింది. "పరమపదించారు" అని వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు. చదివి నా ఒళ్లు మండింది. పక్కటెముకలు విరిగి, ముఖం ఆనవాలు లేకుండా ఒడ్డుకు చేరిన మనిషి పరమపదించడమేమిటి? చేతిలోని కాఫీ గ్లాసు గోడకేసి కొట్టాను. ఆ మరక అలాగే ఉంది. తుడవను.

మైపాడు మత్స్యకార కుటుంబంలో పుట్టి, ఇంజనీరై, జాలర్ల ఫోన్లలో తుఫాను హెచ్చరిక మోగించే ప్రోగ్రాంకు ప్రాణం పోసిన ధీశాలి ఆయన. దాని కోడ్‌కు తాళం లేదు. ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు. లోపం కనబడితే టికెట్ తెరవాలి, అంటే ఫిర్యాదు నమోదు చేయాలి. ఒకరు దిద్దిన కోడ్‌ను ఇంకొకరు రివ్యూ చేసి సరేననాలి. నెల్లూరులో కాలేజీ పాఠాలు చెప్పుకునే నేను ఆ యజ్ఞంలో ఆయనకు సహచరిని, నిత్యశత్రువును కూడా.

మొదట్లో ఎవరు దిద్దితే వాళ్లే "అయిపోయింది" అని టికెట్ మూసేవాళ్లు. పోలన్న ఉగ్రుడయ్యాడు. "మా ఇంట్లో వల బాగుచేసినోడు సరే అంటే సరి కాదు. సముద్రంలోకి తీసకపోయేవాడు లాగి చూడాల. వాడు చాలంటేనే చాలు." అదే మాకు శాసనమైంది: టికెట్ తెరిచినవాడే మూయాలి. "వాళ్లు తీరిగ్గా చూసి చెప్పేదాకా మేం గోళ్లు గిల్లుకోవాలా?" అని నేను ఎగిరాను. "ఆగలేకపోతే పీనుగులు మోద్దువు గానీ, రా మే!" అన్నాడు.

ఒకసారి హెచ్చరిక ఆలస్యంగా మోగింది. పడవ తిరగబడి ఒక పెద్దాయన పోయాడు. ఆయన బంధువులు పోలన్న తలుపు విరగ్గొట్టి, తెడ్డుతో బాదారు. "రాసినోడి పేరు చెప్పరా!" ఆ కోడ్ రాసింది తడలో ఉద్యోగం చేసే సునీత. పోలన్న నెత్తురు ఉమ్మి, "చూసి సరే అన్నోణ్ణి నేను. నన్నే కొట్టండి" అన్నాడు. కొట్టారు. ఎడమ చెవి వినికిడి శాశ్వతంగా పోయింది. రివ్యూ అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది మాకు.

చివరి టికెట్ ఆయనే తెరిచాడు: ఇంజను మోతలో, గాలి హోరులో అలారం వినబడటం లేదని. నేను దిద్దాను. సునీత రివ్యూ చేసింది.

"గదిలో అదిరిపోయేలా మోగుతోంది గదన్నా, మూసెయ్" అన్నాను.

"నీ గదిలో గాలుందా మే? నడిసంద్రంలో నా చెవిటి చెవికి వినబడాల. అప్పుడు మూస్తా."

అలా పడవెక్కాడు.

అంత్యక్రియల దగ్గర, ఆ పడవ నడిపిన సరంగు నా చేయి పట్టుకున్నాడు. ఒంటినిండా రాళ్ల గాట్లు. "మోగింది అక్కా. మాకన్నా ముందు ఆయనే విన్నాడు. 'తిప్పండిరా' అని అరిచినాడు. ముఖద్వారం దాకా వచ్చినాం. అక్కడ పడవ రాళ్లకు కొట్టుకొని పగిలింది. నన్ను పైకి తోసి, రెండో అలకు దొరికినాడు."

మొన్న గ్రూపులో ఒక మహానుభావుడు, "పనిచేసిందిగా మేడమ్, ఆ టికెట్ మూసేద్దాం" అన్నాడు. "చెయ్యి పెట్టి చూడు, విరిచేస్తా" అన్నాను. సరంగు మాటలను పొల్లుపోకుండా దాని కింద రాశాను. అంతవరకే నా అధికారం.

అన్నా, ఈ తీరంలో నాతో సమానంగా పోట్లాడే మనిషి ఇక లేడు. నీ నిష్ఠకు నా నమస్సులు. నీ టికెట్ తెరిచే ఉంది. మూయవలసినవాడివి నువ్వే.